పేరుపేరునా

ఏజాక్స్
2 అక్టోబర్ 2022

ఎలీనా,

నీ పెద్దమ్మ రూపవతి రాస్తున్నాను. ముందు గది తలుపు వేసుకో, తర్వాత చదువు.

నిన్న ఫోన్లో మాట్లాడుతుంటే లైన్ కట్ అయిందనుకున్నావు. కట్ కాలేదు, నేనే పెట్టేశాను. "మా ఇంటి ఓనరు ఇరాన్ ఆయన పెద్దమ్మా, రూమ్మేటు కూడా ఇరాన్ అమ్మాయే, వాళ్ల తమ్ముడికి అక్కడ పెద్ద చిక్కొచ్చింది" అని గడగడా చెప్పుకుపోతున్నావు. అవి ఫోన్లో చెప్పే మాటలా? నేను కెనడా రాకముందు మూడేళ్లు ఇరాన్‌లో, ఆహ్వాజ్ అనే ఊళ్లో ప్రభుత్వాసుపత్రి నర్సుగా చేశానని నీకు తెలుసు. షా రాజు రోజుల్లో అక్కడ టెలిఫోను ఎత్తితే రెండు టిక్కులు వినిపించేవి. ఒకటి మనది, రెండోది మన మాటలు వినేవాడిది. ఆ రెండో టిక్కు నా చెవిలోంచి ఇంకా పోలేదు. బాపట్లలో మీ అమ్మ ఈ మాటకు నవ్వుతుంది. నవ్వనీ, అది ఆ దేశంలో ఒక్క రోజు కూడా ఉండలేదు.

ఇక మీదట ఆ సంగతులేవైనా ఉత్తరంలోనే రాయి. స్టాంపులు ఇందులోనే పెట్టాను. వాట్సాప్‌లో "తిన్నావా, చలి కోటు వేసుకున్నావా" అన్నంతవరకే.

అడిగినవాటికి వరసగా జవాబు రాయి. ఆ ఇంటాయన పేరేమిటి? ఏం పని చేస్తాడు? ఇరాన్‌కు వెళ్లి వస్తుంటాడా? వెళ్తే ఎన్నాళ్లుంటాడు? మీరిద్దరూ మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ కూర్చుంటాడు? నీకు చాదస్తంగా కనిపించినా సరే, రాయి.

నీ రూమ్మేటునీ, కాలేజీ స్నేహితులనీ పేరుపేరునా అడిగానని చెప్పు. ఇంటాయన్ని అడగలేదు.

నీ పెద్దమ్మ,
రూపవతి


సార్నియా
11 అక్టోబర్ 2022

పెద్దమ్మా,

తలుపు వేసుకునే చదివాను. నవ్వు బయటికి వినపడకుండా దిండు కూడా అడ్డం పెట్టుకున్నాను. కోప్పడకు. పేపర్ మీద తెలుగు రాసి నాలుగేళ్లయింది, వేళ్లు నొప్పెడుతున్నాయి.

ఇంటాయన పేరు హమీద్. ఇక్కడ కెమికల్ ప్లాంట్‌లో ఇంజనీరు, యాభై దాటాయి, ఒంటరి మనిషి. పైన ఆయన, కింద బేస్‌మెంట్‌లో మేమిద్దరం. బస్సులు ఎప్పుడొస్తాయో తెలియని ఊరు కదా, నా కాఫీ షాప్ షిఫ్ట్‌కు లేటైతే ఆయనే డ్రాప్ చేస్తారు. దారంతా ఒక్క మాట మాట్లాడరు. ఏటా మార్చిలో, వాళ్ల కొత్త సంవత్సరానికి, మూడు వారాలు ఇరాన్ వెళ్లొస్తారు.

నా రూమ్మేటు నస్రీన్ నా క్లాసే. వాళ్లది ఏ ఊరో తెలుసా? ఆహ్వాజ్! మా పెద్దమ్మ మీ ఊళ్లో నర్సుగా చేసిందంటే నన్ను పట్టుకుని ఏడ్చేసింది. ముసుగు సరిగ్గా లేదని పోలీసులు పట్టుకెళ్లిన అమ్మాయి చనిపోయాక ఆ దేశమంతా రోడ్డెక్కింది కదా. దెబ్బలు తగిలినవాళ్లు ఆసుపత్రికి వెళ్తే అక్కడే పట్టుకుంటున్నారట. నస్రీన్ తమ్ముడు హౌస్ సర్జన్. ఇళ్లకు వెళ్లి దొంగచాటుగా వాళ్లకు కట్లు కట్టాడు. ఎవరో చూశారు. ఇప్పుడు దాక్కున్నాడు. ఈ గొడవంతా అమెరికా, ఇజ్రాయెల్ చేయిస్తున్నాయని అక్కడి ప్రభుత్వం అంటోంది కాబట్టి దొరికితే అతనూ శత్రుదేశాల మనిషి అయిపోతాడు. నస్రీన్‌కు తిండి లేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. మొన్న వాక్యూమ్ క్లీనర్ కోసం పైకి వెళ్తే మెట్ల కింద అలమరలో ఒక ఫోటో కనిపించింది. హమీద్ గారు కుర్రవాడిగా ఉన్నప్పటిది, సైనికుల యూనిఫాంలో. నస్రీన్‌కు చూపిస్తే దాని మొహం పాలిపోయింది. అది మామూలు సైన్యం కాదట, జనం మీద కాల్పులు జరిపే ఆ ప్రత్యేక దళం యూనిఫామట. మొన్ననే కదా ఆ దళం పెద్దల్ని ఇక్కడికి రానివ్వబోమని కెనడా చెప్పింది.

నీ చాదస్తం నాకూ అంటుకున్నట్టుంది.

ఎలీనా


ఏజాక్స్
18 అక్టోబర్ 2022

ఎలీనా,

నవ్వావు కదా, ఇప్పుడు దిండు తీసెయ్యి.

ఆ ప్రభుత్వానికి పడని మనిషి అక్కడికి ఏటా వెళ్లి ఏటా క్షేమంగా తిరిగి రాగలడా? ఎవరూ అడ్డగించరా? పైగా యూనిఫాం. కారులో మాట్లాడడు అన్నావు. మాట్లాడని మనిషి వింటాడు. నా మాట మొత్తం చదువు, తర్వాత నీ ఇష్టం.

ఇది మీ అమ్మకు కూడా నేను చెప్పలేదు. 1978లో, షాకు ఎదురు తిరిగినవాళ్లతో ఆహ్వాజ్ ఊగిపోతున్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లను ఆసుపత్రి వెనక గుమ్మంలోంచి తెచ్చి నా వార్డులో పడేశారు. ఒకడికి తొడలో తూటా, ఒకడికి భుజంలో. రహస్య పోలీసులు రోజూ వచ్చి కొత్త రోగుల పేర్లు చూసుకునేవాళ్లు. నేనూ, కొట్టాయం నుంచి వచ్చిన నర్సు సారమ్మా కలిసి కేస్ షీట్లలో దొంగపేర్లు రాశాం. పొలంలో ట్రాక్టరు తిరగబడింది అని రాశాం. డాక్టరుకు కూడా చెప్పలేదు. భూమ్మీద మా ఇద్దరికే తెలుసు. నాలుగో రోజు వాళ్లు వచ్చారు. అటూ ఇటూ చూడలేదు, ఎవర్నీ అడగలేదు. నేరుగా ఆ రెండు మంచాల దగ్గరికి నడిచి, అసలు పేర్లతో పిలిచి, సెలైన్ సూదులు లాగేసి తీసుకుపోయారు. ఆ కుర్రాళ్లు ఏమయ్యారో తర్వాత ఎవరూ చెప్పలేదు.

నేను చెప్పలేదు. మరి ఎవరు చెప్పారు? సారమ్మే చెప్పింది. నలభై నాలుగేళ్లయింది, దానితో మాట్లాడి. ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కు కొట్టాయం నుంచి కార్డు పంపుతుంది. కవరు విప్పకుండా పారేస్తాను. దాని మొహంలో ఎంత అమాయకత్వం ఉండేదో నీకు చెప్పలేను. అందుకే మొహాలు చూసి నమ్మొద్దంటున్నాను.

ఆ నస్రీన్ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. అయితే ఆ అబ్బాయి పేరేమిటి? ఎక్కడున్నాడు, ఎవరింట్లో? అన్నీ రాయి. "ప్రభువా, ఎవరో ఒకబ్బాయిని, ఎక్కడో ఒకచోట కాపాడు" అని గాల్లో ప్రార్థించడం నాకు చేతకాదు. మన చర్చి సంఘంలో పేరుపేరునా ప్రార్థించడమే అలవాటు. ఉత్తరంలో రాస్తే భయం లేదు, నా కళ్లు తప్ప వేరే కళ్లు పడవు.

నస్రీన్ పిల్లని మరీ మరీ అడిగానని చెప్పు. ఆహ్వాజ్‌లో కారూన్ నది ఒడ్డున వేయించిన బఠాణీలు అమ్మేవాళ్లు, ఇంకా ఉన్నారా అని కూడా అడుగు.

రూపవతి


సార్నియా
1 నవంబర్ 2022

పెద్దమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈసారి నవ్వలేదు. నస్రీన్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆ ఇద్దరు కుర్రాళ్ల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది. బఠాణీలు ఇప్పటికీ అమ్ముతున్నారట.

తమ్ముడి పేరు బెహ్రూజ్. ఆహ్వాజ్‌కు ఉత్తరంగా దెజ్ఫూల్ అనే ఊరుంది, అక్కడ వాళ్ల మేనత్త ఇంట్లో పైగదిలో ఉంటున్నాడు. నాకు ఇది చెప్పడానికి నస్రీన్‌కు రెండు రోజులు పట్టింది. మా పెద్దమ్మ ఫోన్లో ఊపిరి కూడా గట్టిగా తీసుకోదు, ఆవిడ కంటే జాగ్రత్త గల మనిషి ఈ దేశంలో లేదు అని ఒప్పించాను.

ఇక హమీద్ గారు. పోయిన శనివారం నస్రీన్, నేను లండన్‌లో ర్యాలీకి బయల్దేరాం. ఇక్కడికి గంట దూరంలో ఉన్న లండన్ లే, కంగారుపడకు. జైళ్లలో ఉన్నవాళ్ల పేర్లు రాసిన అట్టలు పట్టుకుని కాలేజీ వాళ్ల కారు కోసం గుమ్మంలో నిలబడితే ఆయన పైనుంచి దిగొచ్చారు. అట్టల వంక చూసి, నస్రీన్‌తో ఇంగ్లీషులోనే అన్నారు, బహుశా నేనూ వినాలని. "పేర్లు రాయొద్దు. నీకు తెలిసినవాడి పేరు ఎవరికీ చెప్పొద్దు. నిన్ను ప్రేమించేవాళ్లకు అసలే చెప్పొద్దు." అంతే, పైకి వెళ్లిపోయారు. వెనక్కి తిరిగి చూస్తే కిటికీ తెర కదిలింది.

నీకు తెలిసినవాడు అని ఎందుకన్నారు? నస్రీన్‌కు ఒక తమ్ముడున్నాడని ఆయనకు ఎవరు చెప్పారు? నస్రీన్ ర్యాలీలో గొంతు ఎత్తలేకపోయింది.

ఇంకోటి. పోయిన వారం మెయిల్ బాక్స్ దగ్గర నీ కవరు ఆయన చేతిలో ఉంది. వెనకా ముందూ తిప్పి చూస్తున్నారు. నన్ను చూసి "ఇంకా ఉత్తరాలు రాసేవాళ్లు ఉన్నారా?" అని నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి.

ఎలీనా


ఏజాక్స్
9 నవంబర్ 2022

ఎలీనా,

ఆ ఇంట్లోంచి లేవండి. ఈ వారమే లేవండి. మంచు పడేదాకా చూడొద్దు.

"నిన్ను ప్రేమించేవాళ్లకు అసలే చెప్పొద్దు" అన్నాడా? అది బెదిరింపు కాక మరేమిటి? నీకున్న మనుషులందరి నుంచీ నిన్ను విడదీసి, ఒంటరిని చేసి, అప్పుడు గుప్పిట్లో పెట్టుకునే మాట అది. ఇలాంటివి నేను చాలా విన్నాను. కవరు ఆవిరి పట్టి విప్పి మళ్లీ అంటించాడేమో చూడు, జిగురు దగ్గర కాగితం ముడతలు పడి ఉంటుంది. ఈసారి నుంచి కవరు మూత మీద అడ్డంగా నా సంతకం పెడతాను.

బెహ్రూజ్ సంగతి నువ్వు దిగులు పడకు. పోయిన శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా మన సంఘంలో చైన్ ప్రేయర్ జరిగింది. ఇరవై నాలుగు మంది, ఒక్కొక్కరిది ఒక్కో గంట, మధ్యలో తెగకూడదు. నాది తొమ్మిదో గంట. ప్రార్థన చీటీ నా చేత్తో స్పష్టంగా రాసి సంతోషం గారికి ఇచ్చాను. చైన్ నడిపేది ఆయనే, ఎంత భక్తిపరుడో నీకు తెలుసు. ఇరవై నాలుగు మంది ఆ అబ్బాయి కోసం మోకాళ్లూనారంటే మాటలా? ఆ మాట నస్రీన్‌తో చెప్పు, ధైర్యం వస్తుంది.

కొత్త ఇంటి అడ్రసు ఫోన్లో చెప్పొద్దు.

నిన్నూ నస్రీన్‌నీ, దెజ్ఫూల్‌లో ఉన్న ఆ మేనత్తనీ, అందరినీ పేరుపేరునా దేవుడి చేతుల్లో పెట్టాను.

రూపవతి


సార్నియా
27 నవంబర్ 2022

పెద్దమ్మా,

బెహ్రూజ్‌ను పట్టుకున్నారు.

వరసగా రాస్తాను. నీ ఉత్తరం అందిన మూడో రోజే ఇల్లు ఖాళీ చేశాం. హమీద్ గారితో నేనే మాట్లాడాను. కాలేజీకి దగ్గరని అబద్ధం చెప్పాను. సామాన్లు ఆయన కారులోనే దింపి వెళ్లారు. నస్రీన్ ఆ యూనిఫాం ఫోటోను ఫోన్‌లో తీసి పెట్టుకుంది. దాన్ని ఇరాన్ విద్యార్థుల గ్రూపులో పెట్టింది. నేను వద్దనలేదు. రెండు రోజుల్లో అది ఎక్కడెక్కడికో పోయింది. ఎవరో ఆయన గరాజ్ తలుపు మీద ఎర్ర రంగుతో "గూఢచారి" అని ఫార్సీలో రాశారు.

ఇరవయ్యో తారీకున దెజ్ఫూల్‌లో మేనత్త ఇంటికి నలుగురొచ్చారు. తిన్నగా పైగదికి ఎక్కారు. నువ్వు రాసినట్టే, అటూ ఇటూ చూడలేదు. ఇదంతా హమీద్ పనేనని నస్రీన్ గోడకేసి తల కొట్టుకుంది. నేనూ అదే అనుకున్నాను. వారం రోజులు అదే అనుకున్నాను.

నిన్న నస్రీన్ వాళ్లమ్మ పొరుగింటి ఫోన్ నుంచి మాట్లాడింది. పోలీసులు ఆవిణ్ణి కూర్చోబెట్టి ఒక ఇంగ్లీషు కాగితం చూపించారట. నస్రీన్ ఒక్కో ముక్కా నాకు చెప్తూ వచ్చింది. "కెనడాలో మీవాడి కోసం పనిచేసే ఆ ఇరవై నాలుగు మంది ఎవరు? ఒక్కొక్కరికి ఒక్కో గంట డ్యూటీ ఎందుకు వేశారు? తొమ్మిదో గంటది ఎవరు? ఈ గొలుసుకు నాయకుడు సంతోషం అంటే ఎవరు, ఏ దేశం మనిషి?" అని అడిగారట. ఆ తల్లికి ఏమీ అర్థం కాక ఖురాన్ మీద చెయ్యి పెట్టి ఏడ్చిందట. నస్రీన్‌కూ అర్థం కాలేదు. ఇదేం పిచ్చి, ఎవరీ ఇరవై నాలుగు మంది అని నన్నే అడిగింది.

పెద్దమ్మా, నేను లేచి నీ తొమ్మిదో తారీకు ఉత్తరం తెచ్చుకుని నస్రీన్ పక్కన కూర్చున్నాను. నువ్వు చెప్పమన్నావు, నేను ఇల్లు మారే హడావుడిలో మర్చిపోయాను. ఇప్పుడు చెప్పాను. నస్రీన్ లేచి స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుంది. గంట అయినా రాలేదు.

ఆ కాగితం మీ చర్చిలోంచి దెజ్ఫూల్‌కు ఎలా పోయింది? నాకు జవాబు కావాలి. ఫోన్లో చెప్పినా పర్వాలేదు. ఇంక దాచడానికి ఏముంది?

ఎలీనా


ఏజాక్స్
3 డిసెంబర్ 2022

ఎలీనా,

ఫోన్ ఎత్తే మొహం నాకు లేదు.

నీ ఉత్తరం చదివిన పూటే సంతోషం గారి ఇంటికి వెళ్లాను. ఆయన చెప్పులు కూడా విడవనివ్వకుండా టీ పెట్టించారు. అడిగాను. "అవునమ్మా, మీ చీటీ చదివితే నా గుండె చెరువైపోయింది. మన బిల్డింగ్‌లోనే కింద హాల్లో ఇరానీ క్రైస్తవ విశ్వాసులు కూడుకుంటారు కదా, వాళ్ల దేశం పిల్లాడాయె. వాళ్లూ ప్రార్థించుకోవాలని ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాను. ఇరవై నాలుగు గంటల పట్టీతో సహా ఇచ్చాను. వాళ్లెంత సంతోషించారో! ఒకావిడ వెంటనే ఫేస్‌బుక్‌లో పెట్టింది, ప్రపంచమంతా ప్రార్థించాలని. ఏం, ఏమైందమ్మా?" అన్నారు.

ఏమైందో చెప్పాను. ఆయన టీ కప్పు పక్కన పెట్టేశారు. "పేరు లేకుండా ప్రార్థనేంటమ్మా, మీరే కదండీ అన్నీ వివరంగా రాశారు" అన్నారు. అందులో తప్పేముంది? నేనే రాశాను. తమ్ముడి పేరు, అక్క పేరు, అది చదివే ఊరు, దాక్కున్న ఊరు, మేనత్త ఇల్లు, పైగది. నా గుండ్రటి అక్షరాలతో.

ఎవరింట్లోనో కిటికీ తెర కదిలితే అనుమానించాను. కవరుకు ఆవిరి పట్టారని అనుమానించాను. రహస్యమంతా నా చేతిసంచీలో పెట్టుకుని చర్చికి నడిచి వెళ్లినదాన్ని మాత్రం అనుమానించలేదు.

దేవుడికి ఆ వివరాలు అక్కర్లేదు ఎలీనా. ఆయనకు నేను చెప్పేదాకా తెలియదా? ఎవరి కోసం రాశానో ఆలోచించాను. మా రూపవతి గారికి ఎంత దూరం మనుషులున్నారో చూడండి అని సంఘం అనుకోవాలని కాస్త కూడా లేదా అంటే, ఉంది. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

సార్నియా వస్తాను. నస్రీన్ కాళ్ల దగ్గర కూర్చుంటాను. ఎప్పుడు రమ్మంటావో రాయి.

రూపవతి


సార్నియా
22 డిసెంబర్ 2022

పెద్దమ్మా,

ఇప్పుడే రాకు. రమ్మని నస్రీన్ అనడం లేదు, వద్దనీ అనడం లేదు. నాతో మూడు వారాలు మాట్లాడలేదు. వంటింట్లో ఎదురైతే పక్కకు జరిగి దారిచ్చేది. నీ మీద నాకెంత కోపం వచ్చిందో నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. పేరు అడిగింది నువ్వు. ఇచ్చింది నేను. చెప్పడానికి నస్రీన్‌కు రెండు రోజులు పట్టింది, నాకు ఒక్క స్టాంపు పట్టింది.

హమీద్ గారి ఇంటికి వెళ్లాను. గరాజ్ మీద రంగు అలాగే ఉంది. తుడుస్తానంటే, ఈ చలికి నీళ్లు గడ్డకడతాయి, వసంతంలో చూద్దాం అన్నారు. లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆ దళంలో ఆయన ఇష్టపడి చేరలేదట. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతివాడూ సైనిక సేవ చెయ్యాలి, ఎందులో వేస్తారో చీటీ వచ్చేదాకా తెలియదు. ఆయన చేసింది రెండేళ్లు వంటశాలలో ఉల్లిపాయలు తరగడం. "ఇక్కడ ఆ యూనిఫాం చూసి భయపడతారు, అక్కడ ఈ పాస్‌పోర్ట్ చూసి అనుమానిస్తారు" అన్నారు. ఏటా వెళ్లేది తల్లి కోసం. ఆవిడకు ఎనభై ఎనిమిదేళ్లు, ఈయన్ని తప్ప ఎవర్నీ గుర్తుపట్టదు. ఆ ఫోటో ఊరూరా తిరిగాక ఇక్కడివాళ్లు ఆయన్ను గూఢచారి అంటున్నారు. ఆ వార్త అక్కడికీ పోయింది, విదేశాల్లో ఇంత గొడవ అయినవాణ్ణి విమానాశ్రయంలోనే ఆపుతారు. ఈ మార్చిలో వెళ్లరట. ఆ తర్వాత ఆవిడ ఉంటుందో లేదో.

నస్రీన్ తమ్ముడి సంగతి ఆయనకు అప్పుడు తెలియదట, దాక్కున్నవాడు మా దేశంలో ఇప్పుడు ప్రతి ఇంటికీ ఒకడున్నాడు అన్నారు. "ప్రేమించేవాళ్లకు చెప్పొద్దని ఎందుకన్నారు?" అని అడిగాను. "మా అన్నయ్య పేరు మా నాన్నే చెప్పాడు. మసీదులో, వాడి క్షేమం కోరుతూ" అన్నారు. ఆ తర్వాత లేచి నా కప్పులో మళ్లీ టీ పోశారు. 

నీకు తెలియాల్సింది ఇంకొకటుంది. ఆహ్వాజ్‌లో ఆయన చిన్ననాటి స్నేహితుడు లాయరు. మేం ఇల్లు ఖాళీ చేసి ఆయన పేరు బురదలోకి లాగాక కూడా, బెహ్రూజ్ సంగతి విని ఆయనే ఆ లాయరుకు ఫోన్ చేశారు. నస్రీన్ వాళ్లమ్మ మొన్న జైల్లో కొడుకును పది నిమిషాలు చూసింది. కుడిచేతికి కట్టు కట్టి ఉందట. ప్రాణంతో ఉన్నాడు. విదేశాలతో సంబంధం అనే కేసు మాత్రం పోలేదు, ఆ కాగితం ఉంది కదా.

నస్రీన్ నిన్న మాట్లాడింది. టేబుల్‌కు అటువైపు నిలబడి, "మీ పెద్దమ్మను ప్రార్థన ఆపొద్దని చెప్పు. పేరు మాత్రం చెప్పొద్దను" అంది. అంది అనే రాస్తున్నాను, దాని మొహం ఎలా ఉందో రాయలేను.

ఎలీనా


ఏజాక్స్
14 జనవరి 2023

ఎలీనా,

ఈ ఉత్తరం తలుపు తీసి పెట్టుకునే చదువుకో.

నస్రీన్ మాట అందింది. అలాగే చేస్తున్నాను. పోయిన ఆదివారం సంతోషం గారు చీటీలు అడిగితే తెల్ల కాగితం మడిచి ఇచ్చాను. ఆయన విప్పి చూసి, మళ్లీ మడిచి, బుట్టలో వేశారు.  హమీద్ గారికి వేరే ఉత్తరం రాశాను, ఇంగ్లీషులో, కవరు మీద సంతకం లేకుండా. ఆయన జవాబివ్వక్కర్లేదు. వసంతంలో ఆ తలుపు తుడవడానికి నేనూ వస్తాను, మోకాళ్ల నొప్పులున్నా చేతులు బాగానే ఉన్నాయి.

ఇక నీకు చెప్పాల్సింది. నీ ఉత్తరంలో మసీదు మాట చదివినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. 1978లో ఆహ్వాజ్‌లో మాకు శుక్రవారం సెలవు. నర్సుల హాస్టల్ హాల్లో ప్రార్థన పెట్టుకునేవాళ్లం. మన తెలుగువాళ్లు, మలయాళీలు, ఫిలిప్పీన్స్ పిల్లలు, అందరికీ అర్థం కావాలని ఇంగ్లీషులో. ఉక్కకు తలుపులన్నీ తెరిచి ఉండేవి. వరండాలో ఆసుపత్రి డ్రైవర్లు, కాపలావాళ్లు కూర్చునేవాళ్లు. ఆ కుర్రాళ్లు మా వార్డుకొచ్చిన మూడో రోజు శుక్రవారం. ఆ రోజు ప్రార్థన నడిపింది నేను. కేస్ షీట్‌లో దొంగపేర్లు రాశాను సరే, దేవుడి దగ్గర కూడా దొంగపేర్లేమిటి అనుకున్నాను. అసలు పేర్లే చెప్పాను. గట్టిగా చెప్పాను. మర్నాడే వాళ్లు వచ్చారు.

ఇన్నేళ్లలో ఆ శుక్రవారం నాకు గుర్తుకు రాకపోలేదు. ప్రార్థన బాగా చేశానని గుర్తుండేది.

ఈ క్రిస్మస్‌కు సారమ్మ పంపిన కార్డు విప్పాను. లోపల ఫోన్ నంబరు ఉంది. మనవరాలు కొత్తగా రాసిచ్చినట్టుంది. ఫోన్ తీసి, టిక్కు వినపడుతుందేమోనని ఒక్క క్షణం చూసి, చేశాను. "రూపా" అంది, నేనింకా నోరు తెరవకముందే. నలభై నాలుగేళ్లు నిన్ను అనుమానించాను సారా, అది నేనేనేమో అన్నాను.  "నాకు తెలుసు. ఆ రోజు నీ పక్కనే కూర్చున్నాను కదా. నీ చీర లాగుదామనుకున్నాను, నువ్వు కళ్లు మూసుకుని ఉన్నావు" అంది.

తెలిసి కూడా ప్రతి క్రిస్మస్‌కు కార్డు పంపింది. ఎప్పుడో ఒకప్పుడు నువ్వే విప్పుతావని పంపాను అంది. నేను ఏడిస్తే అది తన మోకాలి ఆపరేషన్ సంగతులు చెప్పింది.

ఆ ఇద్దరి పేర్లూ నాకు ఇప్పటికీ బాగా గుర్తున్నాయి. నీకు కూడా రాయను.

అక్కడ అందరినీ అడిగానని చెప్పు.

నీ పెద్దమ్మ